నృగ మహారాజు ఆవు, మారిషస్ బల్లి

బల్లి మన మీద పడితే ఏమవుతుందో పంచాంగం చెబుతుంది. తల మీద పడితే ఒక ఫలం, భుజం మీద పడితే ఒక ఫలం, మగవాళ్లకో పట్టిక, ఆడవాళ్లకో పట్టిక. దోషం ఉంటే తలస్నానం చేసి దీపం పెట్టుకోవాలి. కంచి వరదరాజస్వామి గుళ్లో బంగారు బల్లిని తాకి వచ్చినవాళ్లు ఎవరైనా దొరికితే మరీ మంచిది. ఇంత చెప్పిన పంచాంగం, మనమే వెళ్లి బల్లి మీద పడితే ఏమిటన్నది మాత్రం చెప్పలేదు. మారిషస్‌లో పౌరోహిత్యం చేసుకుంటున్న నన్ను అడిగింది సరిగ్గా ఆ ప్రశ్నే.

అడిగినావిడ పాంప్లెమూస్ జిల్లాలో ఉండే ఒక పెద్దావిడ. వాళ్ల ముత్తాత చెరుకు తోటల్లో పనికి ఒప్పంద కూలీగా విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చాడు. ఆవిడకి రామభజన పాటలు కంఠతా వచ్చు, కష్టం వస్తే సింహాద్రి అప్పన్నకి మొక్కుకుంటుంది, ఇంట్లో మాట మాత్రం క్రియోల్. సత్యనారాయణ వ్రతం అయ్యాక ప్రసాదం పంచుతూ అంది: "పంతులుగారూ, మా తోటలో పచ్చ బల్లుల్ని పట్టి చంపాలంటున్నాడు మా మనవడు. సరేనంటే ఆ పాపం నాకా, వాడికా?"

మనవడు ఒక పర్యావరణ సంస్థలో పనిచేస్తాడు. "అది మన బల్లి కాదు నానమ్మా, మడగాస్కర్‌ది" అన్నాడు. "మీ తాతముత్తాతలు మాత్రం ఇక్కడివాళ్లేనా?" అందావిడ. నవ్వేసి ఊరుకోదగ్గ మాట కాదది. పాపం ఎవరిదన్న ప్రశ్నతో పాటు దానికీ జవాబు చెప్పాలి.

మన ఊళ్లలో బల్లి రాత్రి జీవి. ట్యూబ్‌లైటు వెలిగితే గానీ బయటికి రాదు, దాని వంక ఇష్టంగా చూసేవాళ్లూ తక్కువ. ఇక్కడివి పగటి బల్లులు, ఫెల్సూమా అని వాటి జాతి పేరు. ఎండ కాస్తే కొబ్బరి మట్టల మీద, అరటి బోదెల మీద తిరుగుతాయి. ఆ జాతిలో ఎక్కువ రకాలు మడగాస్కర్‌లో ఉన్నాయి. మారిషస్‌కి సొంతమైనవి, ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పుట్టనివి కొన్ని ఉన్నాయి. ఆరోజు వ్రత మండపానికి కట్టిన అరటి పిలక మీంచి అలాంటిదొకటి దిగింది. వేలెడంత ఉంటుంది, ఆకుపచ్చ ఒంటి మీద ఎర్రటి చుక్కలు. పంచామృతం గిన్నె పక్కన తేనె స్పూను పెట్టి ఉంది. దాని అంచుని రెండుసార్లు నాకి, ఆ నాలుకతోనే కన్ను తుడుచుకుంది. వాటికి కనురెప్పలు ఉండవు, కంటిలో దుమ్ము పడితే నాలుకే దిక్కు. ఎవరో తోలబోతే పెద్దావిడ వద్దంది.

ఆ తేనె రుచి మీదే ఈ దీవిలో కొన్ని పూల బతుకు ఆధారపడి ఉంది. ఇక్కడి కొండల్లో రూసియా అనే మొక్క ఒకటుంది, అంతరించిపోయే దశలో ఉంది. దాని పూలలో పుప్పొడి మోసేదీ, పండు తిని విత్తనాలు చల్లేదీ నీలితోక పగటి బల్లే. మారిషస్ పూలలో కొన్నిటి మకరందం రంగుల్లో ఉంటుంది. రంగులేని మకరందం కంటే రంగు మకరందాన్నే బల్లులు ఇష్టపడతాయని పరిశోధకులు పరీక్షించి చూశారు. తుమ్మెద చేసే పని ఇక్కడ బల్లి కూడా చేస్తుందన్నమాట.

తగువు తెచ్చిపెట్టింది వేరే బల్లి. జానెడు దాటి పెరుగుతుంది, మెరిసే ఆకుపచ్చ రంగు, ముక్కు నుంచి కంటి దాకా ఎర్రటి గీత. చూడముచ్చటగా ఉంటుంది, అందుకే ప్రపంచమంతా దాన్ని గాజు పెట్టెల్లో పెంచుకుంటారు. ఉత్తర మడగాస్కర్ దాని పుట్టిల్లు. 1990లలో మనుషుల చేతుల మీదుగా మారిషస్ చేరింది. ఎవరో పెంచుకోవడానికి తెచ్చినవి తోటల్లో పడ్డాయి, పడ్డవి గుడ్లు పెట్టి పెరిగాయి. పురుగుల్నీ మకరందాన్నీ తినడంతో ఊరుకోదు, చిన్న బల్లుల్నీ తింటుంది. అది స్థిరపడిన చోట ఇక్కడి బల్లులు బాగా తగ్గిపోవడమో, పూర్తిగా లేకుండా పోవడమో జరుగుతోందని ఇక్కడ పనిచేసిన శాస్త్రవేత్తలు తేల్చారు.

ఇక చట్టం సంగతి. మారిషస్ 2015లో స్థానిక జీవవైవిధ్యం, జాతీయ ఉద్యానవనాల కోసం ఒక చట్టం చేసుకుంది. ఇక్కడి సొంత జాతుల్ని అనుమతి లేకుండా పట్టడం, చంపడం, అమ్మడం నేరం. దానిపైన, వన్యప్రాణుల వ్యాపారం మీద అంతర్జాతీయంగా సైటిస్ ఒప్పందం ఉంది. ఫెల్సూమా జాతి మొత్తాన్ని అందులో రెండో అనుబంధంలో చేర్చారు, అంటే ఏ పగటి బల్లినైనా దేశం దాటించాలంటే అనుమతి పత్రం కావాలి. మడగాస్కర్ పెద్ద బల్లి కూడా ఆ జాబితాలోనిదే. మడగాస్కర్ అడవిలో మితిమీరి పట్టకుండా కాపాడాల్సిన ప్రాణి, సముద్రం దాటి మారిషస్ తోటలోకి వచ్చేసరికి తొలగించాల్సిన ప్రాణి అయింది. దాని స్వభావం ఇక్కడా అక్కడా ఒకటే. మన ధర్మశాస్త్రాలు దేశకాలపాత్రలు చూడమన్నది ఇలాంటి చోటే. ఒకే పని ఒకచోట ధర్మమూ ఇంకోచోట అధర్మమూ అవుతుందని వినడానికి తేలిక. చంపవలసిన ప్రాణి మన కళ్లలోకి చూస్తున్నప్పుడు ఆ మాట అనడం కష్టం.

ముందు పెద్దావిడ ఎత్తిపొడుపుకి జవాబు. మనమూ ఓడలోనే వచ్చాం, బల్లీ ఓడలోనో విమానంలోనో వచ్చింది, దాన్ని చంపడం న్యాయమైతే మన సంగతేమిటి? నిజానికి 1598లో డచ్చివాళ్లు కాలు పెట్టేదాకా ఈ దీవిలో మనుషులు కాపురం ఉన్న జాడే లేదు. ఆ లెక్కన ఇక్కడ స్థానికుడనే మనిషే లేడు. అయినా ఈ పోలిక నేను ఒప్పుకోను. ఒప్పంద కూలీల్ని తలల లెక్కన ఓడల్లో నింపి, పశువుల్లా చూసినవాళ్లు చేసిన పోలిక అది. దాన్ని మనంతట మనం నెత్తికెత్తుకోకూడదు. మనిషికి ధర్మం చెప్పవచ్చు. ఈ పువ్వు కోయకు, ఈ చెట్టు కొట్టకు అంటే వింటాడు, వినకపోతే తప్పు పట్టవచ్చు. బల్లికి చెప్పలేం, తప్పూ పట్టలేం. కనుక దాన్ని తొలగించడం శిక్ష కాదు. నేరం లేనిదే శిక్ష ఉండదు. పరాయిది, దొంగది, దురాక్రమణదారు అని తిట్టి చంపడం మన మనసు తేలిక చేసుకోవడానికే.

స్థానికం అన్నది పుణ్యమూ కాదు. ఈ దీవికి సొంతమైన గబ్బిలం ఒకటుంది, పండ్లు తిని అడవి విత్తనాలు చల్లుతుంది. లిచీలు, మామిళ్లు పాడుచేస్తోందని 2015లోనూ ఆ మరుసటి ఏడూ ప్రభుత్వమే వాటిని వేలకొద్దీ చంపించింది. సొంత జాతి అయినా పండ్ల బుట్ట దగ్గర దాన్ని ఎవరూ కాపాడలేదు. కాబట్టి చట్టం చంపమంది కనుక ధర్మమేనని కళ్లు మూసుకోవడానికీ లేదు. ఏ ప్రాణి దగ్గరికి ఆ ప్రాణి దగ్గర విచారించుకోవాల్సిందే.

"అయితే వదిలెయ్యండి పంతులుగారూ, అహింసా పరమో ధర్మః కదా" అంటారు చాలామంది. వాళ్లకి నేను శిబి చక్రవర్తి కథ గుర్తుచేస్తాను. డేగ తరుముకొస్తే పావురం వచ్చి శిబి ఒడిలో పడింది. నా ఆహారం నాకియ్యి అంది డేగ. శిబి పావురాన్ని ఇవ్వలేదు, డేగని పస్తూ పెట్టలేదు, తన తొడ కోసి తూచాడు. ఆ కథలో దయకి విలువ తెచ్చింది ఆ తొడ. తోటలో పెద్ద బల్లిని "పాపం, దాని మానాన దాన్ని బతకనివ్వండి" అనేవాడు కోస్తున్నది తన తొడ కాదు. చిన్న బల్లి ఒంటిని కోసి తూస్తున్నాడు. ఆ చిన్న బల్లి చావు మన గుమ్మం ముందు జరగదు, అరటి ఆకు చాటున జరుగుతుంది, అందుకని మన లెక్కలోకి రాదు. ఇతరుల ఒంటితో చేసే దయ నాకు దయలా కనిపించదు.

హింస లేని బతుకుంటుందని మన పెద్దలు కూడా అనలేదు. అరణ్యపర్వంలో మాంసం కొట్టు నడిపే ధర్మవ్యాధుడే కౌశికుడికి ధర్మం బోధించాడు. నాగలి దున్నితే నేలలో ఎన్ని ప్రాణులు పోతాయో, నడిస్తే కాలి కింద ఎన్ని పోతాయో చెప్పి, హింస చేయనివాడు లోకంలో లేడన్నాడు. ప్రయత్నం చేసినవాడికి అది తగ్గుతుందనీ అన్నాడు. మనకి మిగిలింది ఆ ప్రయత్నమే. ఎక్కడ తగ్గుతుందో లెక్క వేసుకోవడం, వేసిన లెక్కకి జవాబుదారీగా ఉండడం.

ఇంకో సలహా ఉంది, వినడానికి అన్నిటికంటే తియ్యగా ఉంటుంది. చంపడం ఎందుకు, పట్టి పెంచుకునేవాళ్లకి అమ్మండి, ప్రాణమూ నిలుస్తుంది, నాలుగు డబ్బులూ వస్తాయి అని. నేను అన్నిటికంటే భయపడేది దీనికే. ఈ దీవిలో కోతులున్నాయి. అవీ ఇక్కడివి కావు, వలసపాలకుల కాలంలో ఆగ్నేయాసియా నుంచి వచ్చినవి. అడవికీ పక్షులకీ నష్టం చేస్తున్నాయని వాటిని పట్టి ప్రయోగశాలలకి ఎగుమతి చేయడం మొదలైంది. ఏటా వేల సంఖ్యలో విమానాలెక్కుతాయి. ఇప్పుడు వాటిని పట్టడంతో సరిపెట్టడం లేదు, పెంచడానికే ఫారాలున్నాయి. హనుమంతుడి రూపాన్ని ప్రయోగశాలకి అమ్ముకుంటామా అని మన గుళ్లలో బాధపడేవాళ్లు చాలామంది. అడవిలో కోతి మాత్రం అలాగే ఉంది. అమెరికాలోని ఫ్లోరిడాలో ఇంకో అడుగు ముందుకు వేశారు. మడగాస్కర్, అరేబియా వైపు ఊసరవెల్లుల్ని చెట్ల మీద రహస్యంగా వదిలి, సంతానం పెరిగాక పట్టి అమ్ముకునే వ్యాపారమే నడిపారు. పీడకి ధర పలికిందంటే దాన్ని వదిలించుకోవాలన్న కోరిక పోతుంది. పట్టేవాడికి రేపు పట్టడానికి కూడా బల్లి కావాలి. అందుకే పట్టడం గురించిన నియమాల్లో మొదట చూడాల్సింది ఎవరికి లాభం అన్నదే.

ఆ ఫ్లోరిడాలోనే నియమాలు ఒకవైపు చాలా వదులు. ఈ మడగాస్కర్ బల్లి అక్కడి దక్షిణపు దీవుల్లోనూ తోటల్లో బతుకుతోంది. సొంత స్థలంలోనో, యజమాని ఒప్పుకున్న స్థలంలోనో పరదేశపు సరీసృపాన్ని పట్టి చంపడానికి అనుమతి పత్రం అక్కర్లేదు. అయితే హింసపెట్టి చంపకూడదు, జంతుహింస చట్టం దానికీ వర్తిస్తుంది. పట్టినదాన్ని మళ్లీ వదలడం నేరం. హవాయిలో అయితే నేల మీద తిరిగే సరీసృపాలు సహజంగా ఒక్కటీ లేవు. అక్కడ ఇప్పుడు ఇళ్ల చుట్టూ కనిపించే బంగారు చుక్కల పగటి బల్లి 1970లలో వదిలినవాటి సంతానం. నిషేధించిన జంతువుని ఆ రాష్ట్రంలోకి తెస్తే 2 లక్షల డాలర్ల దాకా జరిమానా, 3 ఏళ్ల దాకా జైలు. కానీ పట్టుబడకముందే తనంతట తాను తెచ్చి అప్పగించినవాడికి ఏ శిక్షా లేదు. ఆ ఒక్క నిబంధన రాసినవాళ్లకి ప్రాయశ్చిత్తం అంటే తెలుసు. దాచుకున్న తప్పు పెరుగుతుంది, ఒప్పుకున్నది ఆగుతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న, పాపం ఎవరిది? దీనికి నాకు భాగవతం దశమస్కంధంలో నృగుడి కథ కంటే మంచి జవాబు దొరకలేదు. కృష్ణుడి కొడుకులు తోటలో ఆడుకుని దాహమై బావి వెతికితే, పాడుబడ్డ బావిలో కొండంత ఊసరవెల్లి కనిపించింది. తాళ్లు కట్టి లాగినా రాలేదు. కృష్ణుడొచ్చి ఎడమచేత్తో ఎత్తాడు, అది నృగ మహారాజు అయింది. లెక్కలేనన్ని గోవుల్ని దానం చేసినవాడు. ఒక బ్రాహ్మడికి ఇచ్చిన ఆవు తప్పిపోయి మళ్లీ రాజు మందలో కలిసింది. తెలియక దాన్నే ఇంకొకరికి ఇచ్చాడు. ఇద్దరూ వచ్చి నాదంటే నాదన్నారు. బదులు లక్ష ఆవులిస్తానన్నా ఇద్దరూ వినలేదు, వెళ్లిపోయారు. చచ్చాక యముడు అడిగాడు, పుణ్యం ముందు అనుభవిస్తావా, పాపం ముందా అని. పాపమే ముందు అన్నాడు. బావిలో పడ్డాడు.

చిన్నప్పుడు ఈ కథ నాకు అన్యాయంగా తోచేది. తెలియక చేసిన పనికి ఇంత శిక్షా? ఇప్పుడు అలా అనిపించదు. నృగుడికి ఆవు ఎవరిదో తెలియకపోవచ్చు. మంద మాత్రం ఆయనది, మందకి కంచె వేయించాల్సిందీ ఆయనే. ఒక ప్రాణిని మన అధీనంలోకి తెచ్చుకున్నాక, అది తప్పించుకుని చేసే పనులన్నిటికీ "నాకు తెలియదు" సరిపోదు. మడగాస్కర్ బల్లిని తెచ్చి వదిలినవాడు బహుశా క్రూరుడు కాడు. గాజు పెట్టెలో దాన్ని చూడలేక జాలిపడి చెట్టు మీద వదిలాడేమో, మూత సరిగ్గా పెట్టలేదేమో. అతని జాలీ అజాగ్రత్తా ఇవాళ ఇక్కడి చిన్న బల్లుల మెడ మీదున్నాయి. చంపే చేతికి అంటేది చివరి పాపం. మొదటిది వదిలిన చేతిది.

ఆ చేయి ఎవరిదో తెలియనప్పుడు? నృగుడి కథలో బాధ్యత రాజుది. ఈ కాలంలో రాజు అంటే ప్రభుత్వం, ప్రభుత్వం అంటే మనమందరం. కనుక పెద్దావిడతో నేనన్నది ఇది: "అమ్మా, పాపం మీ మనవడి ఒక్కడిదీ కాదు, మీదీ కాదు, అందరం పంచుకోవాల్సింది. అది పాపం కాదని మాత్రం నేను అనలేను. పుణ్యమని అసలే అనలేను. యజ్ఞమనీ సేవ అనీ పేరు పెట్టి చంపడం మొదలుపెడితే ఆపడం తెలియదు." ఆవిడకి ఇది నచ్చినట్టు లేదు. పాపం లేదు పొమ్మని చెబుతాననుకుంది కాబోలు.

పట్టడం ఎలా అన్నదానికీ నా ప్రమేయం కొంత ఉంది, అడిగారు కాబట్టి చెప్పాను. పిల్లల్ని ఈ పనికి పెట్టకూడదు. పెద్ద బల్లి పిల్లకీ, ఇక్కడి బల్లికీ తేడా అందరికీ తెలియదు, కాపాడాల్సినదాన్నే చంపేస్తారు. పైగా వేటలో సరదా ఉంది, ఆ సరదా పిల్లలకి అంటకూడదు. చేత్తో పట్టకూడదు. ఈ బల్లుల తోలు ఎంత పలచనంటే, గట్టిగా పట్టుకుంటే ఊడి మన వేళ్లకి అంటుకుంటుంది, అది నెత్తురు ఓడుతూ తప్పించుకుంటుంది. తెలిసినవాళ్లు పొడుగాటి కర్ర కొసన సన్నని దారం ఉచ్చు కట్టి, మెడలోకి జార్చి మెల్లగా తీస్తారు. తీశాక ఆలస్యం చేయకుండా, నొప్పి లేకుండా చంపే పద్ధతి పశువైద్యుల దగ్గరుంది. గుడ్లు జతగా పెడుతుంది, గోడ పగుళ్లలో, పూలకుండీల అడుగున. కుండీ వేరే ఊరికి పంపేముందు తిరగేసి చూసుకోవాలి. గుడ్డు పొదగకముందే తీసేస్తే చంపాల్సినవి అంత తగ్గుతాయి.

ఉత్తరాన సముద్రంలో రౌండ్ ఐలండ్ అనే రాతి దీవి ఉంది. గుంథర్ బల్లి అనే పెద్ద బల్లికి అది పుట్టిల్లు, ఇప్పుడు బతికున్న పగటి బల్లుల్లోకెల్లా పెద్దవాటిలో ఆ బల్లి ఒకటి. ఒకప్పుడు మనుషులు వదిలిన మేకలూ కుందేళ్లూ ఆ దీవిని గుండు చేశాయి. 1980ల నాటికి వాటిని పూర్తిగా తొలగించాకే అక్కడ తాటి జాతి చెట్లు కోలుకున్నాయి. ఇప్పుడు ఆ దీవి మీద అడుగు పెట్టాలంటే అనుమతి ఉండాలి. మోసుకెళ్లే ప్రతి సంచినీ విప్పి వెతుకుతారు, బూట్ల అడుగున విత్తనం ఉందేమో చూస్తారు, ఎలుక గానీ బల్లి గానీ చీమ గానీ దాటనివ్వరు. మా అమ్మమ్మ పాటించిన మడి నాకు అక్కడ అర్థమైంది. తాకాక కడుక్కోవడం కంటే తాకకుండా చూసుకోవడం తేలికని ఆవిడ నమ్మకం. మనుషుల మీద పెట్టినప్పుడు మడి అవమానమైంది, పెట్టినవాళ్లకే సిగ్గుచేటు. ఒక దీవి అంచున పెట్టినప్పుడు మాత్రం అది నిజంగా ప్రాణాలు కాపాడుతుంది.

అందుకే ఈమధ్య వ్రతం చివర, రీయూనియన్‌కో మడగాస్కర్‌కో వెళ్లొచ్చేవాళ్లు ఉంటే ఒక మాట చెబుతున్నాను. ముద్దొస్తోందని ఏ ప్రాణినీ సంచిలో వేసుకురావద్దు. ఇప్పటికే ఇంట్లో ఉంటే, పెంచలేమనిపించిన రోజున చెట్టు మీద వదలొద్దు, అధికారులకి అప్పగించండి. జీవిని వదిలిపెట్టడం పుణ్యమని మనకి అలవాటైన మాట. ఎక్కడ వదులుతున్నామన్నది కూడా చూసుకుంటేనే అది పుణ్యం. రేవు దగ్గర అయితే ఈ ధర్మానికి ఒక తనిఖీ, ఒక ఒప్పుకోలు సరిపోతాయి. అక్కడ దాటిపోనిస్తే ఆ తర్వాత చేసేదంతా చంపడమే, అదీ ఎన్నేళ్లు చేయాలో తెలియకుండా.